ఇంగ్లీషువారా? బ్రిటిషువారా?

కోనసీమలోని ఉప్పలగుప్తం నుంచి ఒక శ్రోత మా కేంద్రానికి జాబు వ్రాశారు. ఆయన ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయులు. వారి మనుమడు గ్లాస్గో నగరంలో చదువుకుంటున్నాడు. సంక్రాంతికి అతనికి పంపిన పొట్లం మీద తాతగారు ‘గ్లాస్గో, ఇంగ్లండు’ అని చిరునామా వ్రాశారట. పొట్లం క్షేమంగానే చేరినది. కాని మనుమడు టెలిఫోనులో, ‘తాతగారూ! గ్లాస్గో ఉన్నది ఇంగ్లండులో కాదు, స్కాట్లండులో. ఆ చిరునామా చూచి మా ఇంటి యజమానురాలు చిన్నబుచ్చుకున్నారు’ అన్నాడట.

తాతగారు మమ్ములను అడిగిన ప్రశ్న ఇది: ‘ఒక పత్రిక ఇంగ్లండు ప్రధాని అంటుంది. మరియొక పత్రిక బ్రిటిష్ ప్రధాని అంటుంది. చరిత్ర పుస్తకాలలో ఆంగ్లేయులు అని ఉంటుంది. మా నాయనగారి తరం వారు సీమదొరలు అనేవారు. ఇవన్నీ ఒకటేనా? ఒకటే అయితే ఇన్ని పేర్లు ఎందుకు? ఒకటి కాకపోతే ఏ పేరు ఎక్కడ వాడవలె?’

ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది. దానిలో భూగోళం ఉన్నది, చరిత్ర ఉన్నది, అన్నిటికంటె ముఖ్యంగా మర్యాద ఉన్నది. ముందు భూగోళం సంగతి చూతాము.

కోనసీమవారికి దీనిని బోధపరచడం చాలా సులభం. గౌతమీ వసిష్ఠా పాయల నడుమ, సముద్రపు టంచున, నాలుగువైపులా నీరు గల నేల కోనసీమ. పాతకాలపు లెక్కలో అందులో మూడు తాలూకాలు – అమలాపురం, రాజోలు, కొత్తపేట. ఉప్పలగుప్తం అమలాపురం తాలూకాలోనిది. ఇప్పుడు రాజోలువారిని పట్టుకొని ఎవరైనా ‘మీది అమలాపురమే గదా’ అంటే ఏమంటారు? ‘కాదండీ, మాది రాజోలు. అందరిదీ కోనసీమ’ అంటారు. గ్రేట్ బ్రిటన్ అనే ద్వీపం కూడా ఇటువంటిదే. అందులో మూడు దేశాలు – దక్షిణాన ఇంగ్లండు, ఉత్తరాన స్కాట్లండు, పడమట వేల్సు. ఇంగ్లండు అన్నిటిలోనూ పెద్దది; జనం అక్కడే ఎక్కువ; రాజధాని లండను అక్కడే ఉన్నది. అంతమాత్రం చేత ద్వీపమంతా ఇంగ్లండు కాదు. స్కాట్లండువారిని ఇంగ్లీషువారు అనడం రాజోలువారిని అమలాపురంవారు అనడం వంటిది.

కోనసీమకు గౌతమి ఆవలి గట్టున యానాం ఉన్నది. ఊరు మన ఊరివంటిదే, భాష మన భాషే. కాని 1954 వరకు అది ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండినది. నేడు పుదుచ్చేరి పాలనలో ఉన్నది. నీటికి ఆవలనున్న నేల మీద పాలన వేరు కావడం మనకు వింత కాదు. బ్రిటన్ ద్వీపానికి పడమట, సముద్రానికి ఆవల, ఐర్లండు అనే మరియొక ద్వీపం ఉన్నది. దానిలో పెద్దభాగం నేడు స్వతంత్ర రిపబ్లిక్కు. ఈశాన్యపు మూలనున్న ఆరు జిల్లాలు మాత్రం ఉత్తర ఐర్లండు పేర లండను ప్రభుత్వంతో కలిసి ఉన్నవి.

ఈ పోలిక ఒక హద్దు దాటితే చెల్లదు. మన తాలూకాలు కచేరీ సౌకర్యం కోసం ఏర్పడినవి. ఇంగ్లండు, స్కాట్లండులు అట్లా కాదు. అవి శతాబ్దాలపాటు ఒకదానితో ఒకటి యుద్ధాలు చేసిన వేరువేరు రాజ్యాలు. వేల్సును 1536, 1543 సంవత్సరాల శాసనాలతో ఇంగ్లండు తనలో కలుపుకొన్నది. 1603లో స్కాట్లండు రాజే ఇంగ్లండు సింహాసనం కూడా ఎక్కినాడు. 1707లో రెండు పార్లమెంటులు కలిసి గ్రేట్ బ్రిటన్ అనే ఒకే రాజ్యం ఏర్పడినది. అప్పుడు కూడా స్కాట్లండు తన న్యాయశాస్త్రాన్ని, న్యాయస్థానాలను, తన మతసంస్థను, విద్యావిధానాన్ని వదులుకొనలేదు. 1801లో ఐర్లండు కూడా చేరి ‘సంయుక్త రాజ్యం’ అయినది. 1922లో ఐర్లండు ముప్పది రెండు జిల్లాలలో ఇరువది ఆరు విడిపోయినవి. 1949లో అవి రిపబ్లిక్కు అయినవి. 1922 నాటి ఆ విభజన చేత 1927 నుంచి ఆ రాజ్యం పూర్తి పేరు ‘గ్రేట్ బ్రిటన్, ఉత్తర ఐర్లండుల సంయుక్త రాజ్యం’. ఇంత పొడుగు పేరు రోజూ పలకలేక లోకమంతా బ్రిటన్ అంటున్నది. అందులో తప్పు లేదు. ఇంగ్లండు అంటేనే తప్పు.

మరి మన తాతలు ఇంగ్లీషువారు అనే మాటనే ఎందుకు పట్టుకొన్నారు? దానికి కారణం ఉన్నది. 1600లో లండను వర్తకుల పేర పుట్టిన వ్యాపార సంఘం, 1709 తరువాత ఇంగ్లండు వర్తకుల సంయుక్త కంపెనీ అయినది. రాజ్యం పేరు అప్పటికే గ్రేట్ బ్రిటన్ అయినా, కంపెనీ తన పేరులో ఇంగ్లండునే ఉంచుకొన్నది. ఆ కంపెనీవారు పద్దెనిమిదవ శతాబ్దంలో కోనసీమలోనే, అమలాపురానికి దగ్గరలో ఉన్న బెండమూర్లంకలో, వర్తకపు కోఠీ పెట్టి బట్టలు కొన్నారు. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ ఆ కోఠీని పట్టుకొన్నాడు. ఆనాటి గోదావరి మండలంలో యానాములో ఫ్రెంచివారు, పాలకొల్లులోను జగన్నాథపురంలోను డచ్చివారు, బెండమూర్లంకలోను ఇంజరంలోను ఇంగ్లీషు కంపెనీవారు వ్యాపారం సాగించారు. నేతపని వారికి వీరిని వేరుచేసి చెప్పవలసిన అవసరం నిత్యమూ ఉండేది. ఏ కంపెనీ బయానా ఇచ్చినదో, ఏ కంపెనీకి బట్ట చేరవలెనో తెలియకపోతే బ్రతుకు గడవదు. అందుకే తెలుగువారు ఫ్రెంచివారిని పరాసులని, డచ్చివారిని ఒలందావారని, పోర్చుగీసువారిని బుడతకీచులని చక్కగా విడదీసి పిలిచారు. ఇంగ్లీషు కుంపిణీ అన్న పేరు కూడా ఆ లెక్కలోనిదే. అది కంపెనీ తనకు తాను పెట్టుకొన్న పేరు.

తరువాత తక్కిన కంపెనీలు వెనుకబడినవి. ఇంగ్లీషు కుంపిణీ ఏలిక అయినది. పోల్చుకొనవలసిన అవసరం తీరిపోగానే మాట కూడా మొద్దుబారినది. గుర్రమెక్కి వచ్చిన ప్రతి తెల్లని మనిషీ ఇంగ్లీషు దొరే అయినాడు. ఆయన దేశం ‘సీమ’ అయినది. సీమ అంటే ప్రాంతం అని మాత్రమే అర్థం. కోనసీమలోను, రాయలసీమలోను ఉన్న సీమ అదే. అటువంటి మాట పరదేశానికి, పరదేశపు సరకుకు గుర్తు అయినది. అమెరికా ఖండం నుంచి వచ్చిన చెట్టును కూడా మనం సీమచింత అన్నాము. ఉత్తరాదిని ఇదే అర్థంలో విలాయతి అనే మాట వాడారు. ఇక్కడ కొలువు చేసిన సిపాయిలు ఆ మాటనే తమ నోటికి అనువుగా తిప్పి, తమ స్వదేశాన్ని ‘బ్లైటీ’ అని ముద్దుగా పిలుచుకొన్నారు. మాటల ప్రయాణం ఎప్పుడూ ఒక వైపే సాగదు.

ఇప్పుడు మనకు బాగా తెలిసిన దొరలను ఒక్కసారి వరుసగా నిలబెట్టి చూతాము. ధవళేశ్వరం వద్ద 1847 నుంచి 1852 వరకు ఆనకట్ట కట్టించి, డెల్టాకు, కోనసీమకు కాలువనీరు అందించిన ఆర్థర్ కాటన్ 1803లో జన్మించారు. ఆయన ఇంగ్లీషువారే. తెలుగు నిఘంటువు కూర్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఇంగ్లీషు తల్లిదండ్రుల బిడ్డ; పుట్టినది మాత్రం 1798లో కలకత్తాలో. దత్తమండలాల కలెక్టరుగా రైతువారీ పద్ధతి నడిపి, తరువాత మద్రాసు గవర్నరై, 1827లో పత్తికొండలో కలరాతో మరణించిన థామస్ మన్రో ఇంగ్లీషువారు కారు. గ్లాస్గోలో పుట్టిన స్కాట్లండువారు. మన గ్రామాల కైఫీయత్తులు వ్రాయించి చరిత్రకు నిలిపిన కాలిన్ మెకంజీ కూడా స్కాట్లండువారే. ఆయన పుట్టిన లూయిస్ దీవిలో జనం మాట్లాడినది గేలిక్ భాష. ఏలూరి సోదరులు కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య గార్లు ఆయనకు కుడిభుజంగా నిలిచారు. తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం మొదలైనవి ఒకే కుటుంబపు భాషలని 1856లో గొప్ప వ్యాకరణం ప్రకటించిన రాబర్టు కాల్డ్వెల్ ఐర్లండులో ఆంట్రిం జిల్లాలో స్కాట్లండు తల్లిదండ్రులకు పుట్టి, గ్లాస్గోలో పెరిగారు.

మదనపల్లె మాట కూడా చెప్పుకొనవలె. అక్కడి దివ్యజ్ఞాన కళాశాలలో పనిచేసిన కవి జేమ్స్ కజిన్స్ 1873లో బెల్‌ఫాస్టులో పుట్టిన ఐర్లండువారు. ఆయన భార్య మార్గరెట్ కజిన్స్ కూడా ఐర్లండువారే. 1919లో రవీంద్రనాథ ఠాకూరు మదనపల్లెకు వచ్చి ‘జనగణమన’ గీతాన్ని ఇంగ్లీషులోకి అనువదించినప్పుడు దాని బాణీకి స్వరలిపి కూర్చినది మార్గరెట్ కజిన్స్. స్త్రీల హక్కుల కోసం ఐర్లండులోను, మన దేశంలోను పోరాడిన ఈమెను ‘ఇంగ్లీషు దొరసాని’ అనడం ఎంత అన్యాయమో ఆలోచించండి. తన దేశం ఎవరి ఏలుబడి నుంచి విముక్తి కోరుతున్నదో ఆ జాతి పేరే ఆమెకు తగిలించినట్లవుతుంది.

అట్లా అని ఐర్లండువారందరూ మనవైపు వారు, ఇంగ్లీషువారందరూ మనకు ఎదురు అని తీర్మానించరాదు. అదే 1919లో పంజాబు లెఫ్టినెంటు గవర్నరుగా ఉండి, జలియన్‌వాలాబాగు కాల్పులను సమర్థించిన మైకేల్ ఓడ్వయ్యరు ఐర్లండులో టిప్పరరీ జిల్లాలో పుట్టినవాడే. కంపెనీ కొలువులోను, సైన్యంలోను స్కాట్లండువారు, ఐర్లండువారు వేలకొలది ఉన్నారు. ‘ఆంగ్లేయులు మనలను ఏలినారు’ అని అంటే వీరందరి పాత్ర కనుమరుగవుతుంది. కీర్తి కాని, అపకీర్తి కాని, చేసినవారికి చెందవలె. ఆ ప్రభుత్వాన్ని బ్రిటిష్ ప్రభుత్వం అనవలసినది అందుకోసమే. మాట సరిగా ఉంటే లెక్క సరిగా ఉంటుంది.

‘పేరు మారిస్తే మనిషి మారునా? అంత పట్టింపు దేనికి?’ అని కొందరు అడుగవచ్చు. తమకు తప్పు పేరు తగిలించుకొన్న జాతులే దీనికి జవాబు చెప్పగలవు. వేల్సు అన్న పేరు చూడండి. అది అక్కడివారి మాట కాదు. తూర్పు నుంచి వచ్చి స్థిరపడిన జాతులవారు, ఆ ద్వీపంలో అంతకు ముందునుంచీ ఉన్నవారిని తమ భాషలో ‘పరాయివారు’ అన్నారు. ఆ మాటే వేల్సు, వెల్ష్ అయినది. వచ్చినవారు ఇంటివారిని పరాయివారన్నారన్న మాట. వేల్సువారు తమ భాషలో తమ దేశాన్ని ‘కమ్రీ’ అంటారు. ఒకే దేశపు సహవాసులు అని దాని మూలార్థం.

మనకు మాత్రం ఇటువంటి అనుభవం లేదా? మద్రాసులో దిగిన తెల్లవారు తెలుగువారిని చాలాకాలం ‘జెంటూ’లన్నారు. అది అన్యమతస్థుడు అనే అర్థం గల పోర్చుగీసు మాట నుంచి వచ్చినది. 1816లో అచ్చయిన క్యాంబెల్ తెలుగు వ్యాకరణం పేరులో కూడా, తెలుగు అన్న మాట పక్కనే ఈ జెంటూ మాటను చెప్పవలసి వచ్చినది. గౌతమీ ముఖంలో యానాముకు దగ్గరగా కోరంగి అనే రేవు ఉండేది. 1839 నాటి తుఫాను ఆ రేవును ధ్వంసం చేసినది. కాని బర్మాకు కూలికి, వర్తకానికి వెళ్లిన తెలుగువారికి ఆ రేవు పేరే ముద్రపడినది. శ్రీకాకుళంవారైనా, విశాఖపట్నంవారైనా, కోనసీమవారైనా, రంగూనులో అందరూ ‘కొరంగీ’లే. మొదట ఊరిపేరుగా ఉన్న మాట, తరువాత తక్కువచూపుతో పలికే మాట అయినది. ఉత్తరాదిన మనలను మద్రాసీలనడం వినని తెలుగువారు అరుదు. ఆ మాట అన్నవారికి తరచుగా చెడ్డ ఉద్దేశం ఉండదు. అయినా వినిన వారికి ఎక్కడో గుచ్చుకుంటుంది. గ్లాస్గోలోని ఆ ఇంటి యజమానురాలికి గుచ్చుకొన్నది అదే ముల్లు.

ఇంకా దగ్గరి ఉదాహరణ ఉన్నది. ఆంధ్రులు, తెలుగువారు అనే రెండు మాటలను మన పెద్దలు పర్యాయపదాలుగా వాడారు. నిజాం రాష్ట్రంలోని తెలుగువారు 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన జరుపుకొన్న సభ పేరు కూడా ఆంధ్ర మహాసభయే. ఆ పేరు వారు తామై పెట్టుకొన్నది. కాని 2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తరువాత వరంగల్లువారిని ‘మీ ఆంధ్రులు’ అంటే వారు ఒప్పుకొనరు; ఒప్పుకొనవలసిన అవసరమూ లేదు. తెలుగువారు అంటే ఇద్దరికీ సమ్మతమే. ఒకనాడు సరిపోయిన పేరు మరియొకనాడు సరిపోకపోవచ్చు. ఈ సంగతి మన ఇంటిలో తెలిసినవారము, సముద్రాల అవతలి వారి విషయంలో మరువరాదు. ఆంధ్ర, తెలుగు అనే మాటలకు నేడు ఉన్న తారతమ్యం ఎట్లాంటిదో, ఇంగ్లీషు, బ్రిటిష్ అనే మాటలకు ఉన్న తారతమ్యం ఇంచుమించు అట్లాంటిదే.

ఇక నేటి వాడుక. పౌరసత్వం మాట వచ్చినప్పుడు బ్రిటిష్ అన్నదే సరియైన మాట. ఇంగ్లీషు పాస్‌పోర్టు, స్కాట్లండు పాస్‌పోర్టు అంటూ వేరువేరుగా లేవు. ప్రధాని, పార్లమెంటు, సైన్యం, రాయబారి – అన్నీ బ్రిటిష్ అనే మాటతోనే చెప్పవలె. 2007 నుంచి 2010 వరకు ప్రధానిగా ఉన్న గార్డన్ బ్రౌన్ స్కాట్లండువారు. మొదటి ప్రపంచయుద్ధకాలంలో ప్రధాని అయిన లాయిడ్ జార్జి ఇంటిభాష వెల్ష్. 2022 నుంచి 2024 వరకు ప్రధానిగా ఉన్న ఋషి సునాక్ సౌతాంప్టనులో పుట్టిన భారతసంతతివారు. ముగ్గురినీ కలిపి చెప్పగలిగిన మాట బ్రిటిష్ ఒక్కటే. అక్కడ పుట్టి పెరిగిన మన తెలుగు బిడ్డలు తమను బ్రిటిష్ తెలుగువారమని చెప్పుకొంటే, ఆ మాటలో రెండూ ఇముడుతున్నవి.

ఉత్తర ఐర్లండులో మాత్రం మరికొంత జాగ్రత్త అవసరం. అక్కడ కొందరు తమను బ్రిటిషువారమంటారు, కొందరు ఐరిష్‌వారమంటారు. ఈ భేదం మీద ఎంతో నెత్తురు ప్రవహించినది. 1998లో జరిగిన ఒడంబడిక, అక్కడి జనం తమను బ్రిటిష్ అని గాని, ఐరిష్ అని గాని, రెండూ అని గాని చెప్పుకొనే హక్కును గుర్తించినది. పేరు ఎన్నుకొనే హక్కు శాంతి ఒడంబడికలో చేరినదంటే పేరు విలువ ఎంతటిదో తెలుస్తున్నది. ఐర్లండు రిపబ్లిక్కు పౌరుని మాత్రం బ్రిటిషువాడనడం ఎంతమాత్రమూ కూడదు.

ఆటల వ్యాఖ్యానం వినేవారికి ఇందులో ఒక చిక్కు ఎదురవుతుంది. ఒలింపిక్సులో పతాకం గ్రేట్ బ్రిటనుది. కామన్వెల్తు క్రీడలలో ఇంగ్లండు, స్కాట్లండు, వేల్సు, ఉత్తర ఐర్లండు వేరువేరుగా దిగుతవి. ఫుట్‌బాలులోనూ అంతే. క్రికెట్టులో ఇంగ్లండు జట్టు ఇంగ్లండు, వేల్సు రెండింటిదీ; ఐర్లండు జట్టు మాత్రం సరిహద్దుతో పనిలేకుండా ద్వీపమంతటిదీ. 2019లో ప్రపంచ కప్పు గెలిచిన ఇంగ్లండు జట్టు నాయకుడు ఇయాన్ మోర్గాన్ డబ్లిను నగరంలో పుట్టినవాడు. ఆయనను ఇంగ్లండు కెప్టెన్ అంటే నిజం. ఇంగ్లీషువాడు అంటే నిజం కాదు. మన సింధు 2017లో ప్రపంచ బ్యాడ్‌మింటన్ పోటీలలో రజత పతకం పొందినది గ్లాస్గోలో. దానిని ఇంగ్లండులో గెలిచిన పతకం అనరాదు.

జాతుల సంగతి ఇట్లా ఉండగా, భాష సంగతి మరియొక విధంగా ఉన్నది. భాష పేరు మాత్రం ఇంగ్లీషే. స్కాట్లండులో మాట్లాడినా, ఐర్లండులో మాట్లాడినా, అమలాపురంలో మాట్లాడినా అది ఇంగ్లీషే. బ్రిటిష్ ఇంగ్లీషు అనే మాట అమెరికా ఇంగ్లీషు నుంచి వేరుచేయడానికి పనికివస్తుంది. వారు ఎలివేటరు అన్నదానిని వీరు లిఫ్టు అంటారు; వర్ణక్రమంలోనూ కొన్ని తేడాలు ఉన్నవి. అంతవరకే దాని ప్రయోజనం. ‘బ్రిటిష్ యాస’ అనే ఒక యాస మాత్రం లేదు. మన పట్టణాలలో ఇంగ్లీషు సంభాషణ నేర్పుతామనే బోర్డుల మీద బ్రిటిష్ యాస అని వ్రాసినప్పుడు వారు ఉద్దేశించేది, ఆగ్నేయ ఇంగ్లండులోని విద్యావంతుల ఒకానొక ఉచ్చారణ. దానిని శిష్టోచ్చారణ అనవచ్చు. అది ఒక తరగతివారిది; ద్వీపం అంతటిదీ కాదు.

రేడియో చరిత్రలో దీనికి సంబంధించిన ముచ్చట ఒకటి ఉన్నది. 1926లో బి.బి.సి.వారు, ప్రసారకులు మాటలను ఎట్లా ఉచ్చరించవలెనో సలహా చెప్పడానికి ఒక సంఘాన్ని నియమించారు. బ్రిటిష్ ఆస్థానకవి రాబర్టు బ్రిడ్జెస్ దానికి అధ్యక్షులు. ఆయన తరువాత అధ్యక్షులైన బెర్నార్డ్ షా డబ్లిను నగరంలో పుట్టిన ఐర్లండువారు. కార్యదర్శి లాయిడ్ జేమ్స్ వేల్సువారు. సంస్థకు అధిపతియైన జాన్ రీత్ స్కాట్లండువారు. ఇంగ్లీషుకు మేటి నిఘంటువైన ఆక్స్‌ఫర్డ్ నిఘంటువును దశాబ్దాలపాటు కూర్చిన జేమ్స్ మర్రే కూడా స్కాట్లండు పల్లెటూరివారే. ఇంగ్లీషు భాషను తీర్చిదిద్దినవారందరూ ఇంగ్లీషువారు కారని దీనివలన స్పష్టమవుతున్నది.

1941లో, యుద్ధకాలంలో, యార్క్‌షైరుకు చెందిన విల్‌ఫ్రెడ్ పికిల్స్ అనే కళాకారుని చేత బి.బి.సి. వార్తలు చదివించారు. ఆయన ఉత్తర ఇంగ్లండు యాసతోనే చదివారు. ఆ యాసను శత్రువులు అనుకరించడం కష్టమని ఒక ఆలోచన. శ్రోతలలో చాలమంది, ఆ యాసలో చదివితే వార్త నమ్మబుద్ధి కాదని ఆక్షేపించారు. నిజం చెప్పడానికి కూడా ఒక యాస ఉండవలెననడం విచిత్రం. మన సినిమాలలో గోదావరి ‘ఆయ్’ వినిపిస్తే నవ్వడానికి సిద్ధపడేవారు ఆ శ్రోతలకు దూరపు చుట్టాలే.

స్కాట్లండులో మూడు భాషా విషయాలు ఉన్నవి, వాటిని కలపరాదు. ఒకటి, స్కాట్లండు ఇంగ్లీషు. అది ఇంగ్లీషే, ఉచ్చారణలోను కొన్ని మాటలలోను వేరు. రెండవది, స్కాట్స్. అది పాత ఇంగ్లీషు నుంచే వేరుగా పెరిగిన సోదరభాష. కవి రాబర్టు బర్న్స్ వాడినది దానినే. మూడవది, గేలిక్. అది వేరే శాఖకు చెందిన భాష. ఐరిష్ భాషకు దగ్గరి బంధువు. వేల్సు భాష కూడా ఆ కెల్టిక్ కుటుంబానిదే. 2011 నాటి శాసనం వేల్సులో దానికి అధికారభాష ప్రతిపత్తి కల్పించినది. గేలిక్‌ను గాని, వెల్ష్‌ను గాని ‘ఇంగ్లీషులో ఒక యాస’ అనడం, మన ఏజెన్సీలోని కోయభాషను తెలుగులో ఒక యాస అనడం వంటి పొరపాటు.

మనకు సంతోషం కలిగించే చిన్న విశేషం ఒకటి చెప్పుతాను. ‘డాక్టరు’, ‘కలెక్టరు’ అనే మాటల చివరి రేఫను మనం నిండుగా పలుకుతాము. లండను ప్రాంతపు శిష్టోచ్చారణలో అది వినిపించదు. దానిని చూచి మన పలుకు తప్పని సిగ్గుపడేవారు ఉన్నారు. స్కాట్లండులోను, ఐర్లండులోను ఆ రేఫను స్పష్టంగా పలుకుతారు. కాబట్టి ఒక పలుకు లండనులో లేనంతమాత్రాన తప్పు కానేరదు. మన దేశంలో రెండు శతాబ్దాలకు పైగా వాడుకలో ఉన్న ఇంగ్లీషుకు కూడా భారతీయ ఇంగ్లీషు అనే తగిన పేరు ఉన్నది. లక్షలు, కోట్లు దానిలో సహజంగా ఇమిడినవి.

ఇప్పుడు తాతగారు అడిగిన దానికి సూటిగా సమాధానం చెప్పవచ్చు. ప్రభుత్వం, పౌరసత్వం, సామ్రాజ్యం, సైన్యం గురించి చెప్పునప్పుడు బ్రిటన్, బ్రిటిష్ అనండి. 1707కు పూర్వపు సంగతులకు ఇంగ్లండు అన్న మాట సరిపోతుంది. కంపెనీని ఇంగ్లీషు కుంపిణీ అనడం చరిత్రకు సమ్మతమే. ఒక మనిషి ఇంగ్లండువాడని తెలిసినప్పుడే ఇంగ్లీషువాడు, ఆంగ్లేయుడు అనండి. స్కాట్లండువారిని స్కాట్లండువారు లేక స్కాట్‌లు అనండి. స్కాచి అనవద్దు, ఆ మాటను వారు విస్కీకి విడిచిపెట్టారు. వేల్సువారిని వేల్సువారు అనండి. ఐర్లండువారిని ఐర్లండువారు లేక ఐరిష్‌వారు అనండి. ఏ దేశమో తెలియనప్పుడు బ్రిటన్‌వారు అంటే చాలావరకు తప్పు రాదు. ఆ మనిషి ఎదురుగా ఉంటే అడగడం అన్నిటికంటె మేలు. పొట్లం మీద చిరునామాకు ‘గ్లాస్గో, స్కాట్లండు’ అని వ్రాసి, దాని క్రింద ‘యు.కె.’ అని చేర్చండి. తపాలావారికి యు.కె. చాలు, స్కాట్లండు అన్న మాట అది అందుకొనే ఇంటివారి కోసం.

ఉప్పలగుప్తం మండలంలోనే సూరసాని యానాం అనే ఊరు ఉన్నది. గౌతమి ఆవలి యానాముతో కలిసిపోకుండా ఉండడానికి, ఎస్. యానాం అని ఒక్క అక్షరం ముందు చేర్చి వ్రాస్తారు. ఆ ఒక్క అక్షరం విడిచిపెడితే ఉత్తరం పుదుచ్చేరి పాలనలోకి పోతుంది. అక్షరం విలువ తెలిసిన ఆ ప్రాంతంవారికి, ఇంగ్లండుకు స్కాట్లండుకు గల భేదం గురించి ఇంతకంటె విస్తరించి చెప్పవలసిన పని లేదు.